ఎదిగే పిల్లలు తమ రూపాన్ని తామే చిన్నచూపు చూసుకోకుండా పెద్దలు ఏం చేయాలి

పన్నెండు నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులను, ఆ పిల్లల పిన్నమ్మలను, మేనత్తలను, మేనమామలను ఉద్దేశించి ఈ వ్యాసం రాస్తున్నాను. రంగు గురించో, లావు గురించో, ఎత్తు గురించో పిల్లలు లోలోపల కుమిలిపోతున్నారని తెలిసినప్పుడు అమలాపురంలోనైనా భీమవరంలోనైనా పెద్దలు మొదట తప్పుపట్టేది ఫోనును. ఫోను చేసే హాని నిజమే, దాని సంగతి తరువాత చెబుతాను. అయితే ఫోను చేతికి రావడానికి ఎన్నో ఏళ్ల ముందే, ఆ పిల్ల ఉయ్యాలలో ఉండగానే, 'పోలిక అమ్మదేగానీ రంగు మాత్రం రాలేదండి' అనే మాట ఆ ఇంట్లో పదిమంది నోటా నలిగి ఉంటుంది. పిల్లలు తమ ఒంటిని కొలుచుకునే కొలత ముందు ఇంట్లో తయారవుతుంది, బంధువుల మధ్య గట్టిపడుతుంది, ఆ తరువాతే ఫోనులోకి వెళ్లి పెద్దదవుతుంది. అందుచేత మీరు చేయవలసిన పనులను కూడా అదే వరుసలో చెబుతున్నాను.

మనిషికి తన స్థితి తేల్చుకోవడానికి వేరే కొలత దొరకనప్పుడు పక్కవారితో పోల్చుకుంటాడని, అందులోనూ తనకు దగ్గరగా ఉన్నవారితోనే ఎక్కువగా పోల్చుకుంటాడని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లో ప్రతిపాదించారు. పదిహేనేళ్ల పిల్లకు దగ్గరివారంటే సొంత అక్క, పెదనాన్న కూతురు, కాలేజీ బస్సులో పక్క సీట్లో కూర్చునే స్నేహితురాలు. సినిమా తార కన్నా మేనమామ కూతురితో పెట్టిన పోలిక ఎక్కువ కాలం గుచ్చుకోవడానికి కారణం ఇదే.

మొదటి పని: ఒక వారం పాటు ఇంటి మాటలు వినండి

ఎవరినీ మందలించకుండా, ఏదీ మార్చకుండా, ఒక వారం పాటు ఇంట్లో ఒంటి గురించి వచ్చే ప్రతి మాటనూ ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఆ సమయానికి ఇంకెవరు విన్నారు అనేవి కూడా రాయండి. 'ఎండన పడి తిరిగి నల్లబడిపోయావు', 'నీ రంగుకి ఆ ఓణీ నప్పదు', 'హాస్టల్లో చిక్కి సగమైపోయాడు', 'బాగా ఒళ్లు చేసింది', 'వీడి ఎత్తు ఇక్కడితో ఆగిపోయినట్టుందండి' వంటివి మీరు అనుకున్నదానికన్నా ఎక్కువగా కనబడతాయి. టీవీ చూస్తూ అన్నవి, ఎదురింటికి వచ్చిన కొత్త కోడలి గురించి అన్నవి కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మీరు అద్దం ముందు నిలబడి మీ గురించి అనుకున్న మాటలను మాత్రం మరిచిపోవద్దు. తల్లి తన పొట్టను చూసుకుని రోజూ విసుక్కుంటుంటే, తల్లి పోలికే తెచ్చుకున్న కూతురికి అది తనను అన్న మాటే అవుతుంది.

వారం తరువాత ఆ కాగితం చూసుకుంటే మన గోదావరి ప్రాంతంలో తరచుగా కనిపించే ఒక చిక్కు బయటపడవచ్చు. ఇది వరి పండే నేల. అతిథికి కొసరి కొసరి వడ్డించడం, బాగా తినే పిల్లవాణ్ని చూసి మురిసిపోవడం, వెళ్లేటప్పుడు పూతరేకులో కాజాలో చేతిలో పెట్టి పంపడం ఇక్కడి మర్యాద. నిండుగా ఉండటం కలిగిన ఇంటి లక్షణమని నమ్మిన నాయనమ్మ 'బక్కచిక్కిపోయావే, ఇంకో ముద్ద తిను' అంటుంది. అదే పూట అదే పిల్లను పట్టుకుని తల్లి 'రేపు సంబంధాలు చూడాలి, ఆ అన్నం తగ్గించు' అంటుంది. ఇద్దరిదీ ప్రేమే. కానీ ఇద్దరూ చెరో వైపు లాగుతుంటే, తిన్నా తప్పే, మానినా తప్పే అనే నిర్ణయానికి ఆ పిల్ల వస్తుంది.

పాత కొలత పోకముందే కొత్త కొలత వచ్చిపడితే ఏమవుతుందో ఫిజీ దీవుల అనుభవం చూపిస్తుంది. నిండైన, దృఢమైన శరీరాన్నే మెచ్చుకునే ఆ సమాజంలో నడ్రోగా అనే ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ ఆ ఏడాది ఒకసారి, 1998లో మరొకసారి అక్కడి బడి అమ్మాయిలను ప్రశ్నించారు. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్నవారు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవారు మొదటిసారి ఒక్కరూ లేరు, మూడేళ్ల తరువాత 11.3 శాతం ఉన్నారు. ఆ ఫలితాలు 2002లో ప్రచురితమయ్యాయి. అక్కడ మూడేళ్లలో టెలివిజన్ తెచ్చిన మార్పు ఇది. మన పిల్లల చేతిలో ఉన్నది రోజంతా ఆగని తెర.

రెండవ పని: వయసు ఏం చేస్తుందో ముందుగానే చెప్పండి

ఒంటిలో వచ్చే మార్పు పిల్లలకు ముందే తెలిసి ఉంటే అది వారికి లోపంలా కనిపించదు. కాబట్టి పదేళ్లు దాటగానే, ఎవరో ఒకరు వెక్కిరించడానికి ముందే, తల్లిదండ్రులే కూర్చోబెట్టి చెప్పాలి.

ఆడపిల్లలు సాధారణంగా పది, పన్నెండేళ్ల ప్రాంతంలో గబగబా ఎదుగుతారు. ఆ దశలో తుంటి, తొడలు, ఛాతీ దగ్గర కొవ్వు చేరడం ఆరోగ్యకరమైన ఎదుగుదలలో భాగం. అది చేరకపోతేనే ఆలోచించాలి. రజస్వల అయిన సుమారు రెండేళ్లకు ఎత్తు పెరగడం దాదాపుగా ఆగిపోతుంది. మగపిల్లల్లో ఈ ఎదుగుదల రెండేళ్లు ఆలస్యంగా మొదలై పదిహేడు, పద్దెనిమిదేళ్ల వరకు సాగుతుంది. ఏడవ తరగతిలో అమ్మాయిలు పొడుగ్గా, అబ్బాయిలు పొట్టిగా కనిపించడానికి కారణం ఇంతే.

మగపిల్లల విషయంలో దాదాపు ఏ ఇంట్లోనూ చెప్పని సంగతి ఒకటుంది. యుక్తవయసు మొదలైనప్పుడు హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల సగం మంది వరకు అబ్బాయిలకు ఛాతీ దగ్గర కొద్దిగా వాపు వస్తుంది, ఎక్కువ మందిలో ఒకటి రెండేళ్లలో దానంతట అదే తగ్గిపోతుంది. నిన్నటిదాకా స్నేహితులతో కాలువలో ఈత కొట్టిన పిల్లవాడు ఉన్నట్టుండి చొక్కా విప్పనంటే, గోదావరి స్నానానికి రానంటే, దాని వెనుక ఈ సిగ్గు ఉందేమో చూడండి. తండ్రి గానీ మేనమామ గానీ ఒక్కసారి పక్కకు పిలిచి ఇది ఆ వయసుకు మామూలేనని చెబితే ఆ పిల్లవాడి బరువు చాలా వరకు దిగిపోతుంది. రెండేళ్లు దాటినా తగ్గకపోయినా, నొప్పి ఉన్నా, బాగా పెరుగుతున్నా వైద్యుడికి చూపించాలి.

బరువు విషయంలో మరొక హెచ్చరిక. ఎత్తుకు తగిన బరువు ఉందో లేదో చూడటానికి పెద్దలకు వాడే బాడీ మాస్ ఇండెక్స్ కొలతలు, అంటే భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అనే హద్దులు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు వర్తించవు. వారికి వయసును బట్టి చూసే పట్టికలు వేరుగా ఉన్నాయి, భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన పట్టికలను మన వైద్యులు వాడతారు. ఫోనులో లెక్క వేసి పిల్ల లావని తీర్మానించకండి.

మూడవ పని: మీ నోటి మాట మార్చుకోండి

అన్నిటికన్నా కష్టమైనది, అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది ఇదే అని నా అభిప్రాయం.

మొదట పలకరింపు. హాస్టలు నుంచి పిల్లలు ఇంటికి రాగానే చిక్కావనో, నల్లబడ్డావనో, ఒళ్లు చేశావనో అనడం మనకు ప్రేమ చూపించే పద్ధతి అయిపోయింది. గుమ్మంలో అనే తొలి మాటలో ఒంటి ప్రస్తావన లేకుండా చూసుకోండి. 'బస్సులో సీటు దొరికిందా', 'ఎన్నాళ్లయిందిరా నిన్ను చూసి', 'ఆకలేస్తోందా' అనే మాటల్లో ప్రేమ ఏమీ తగ్గదు. నిజంగానే పిల్లవాడు పీలగా కనిపించి మీకు బెంగ కలిగితే, రెండు రోజులు గమనించి, ఒంటరిగా ఉన్నప్పుడు నిద్ర సంగతి, తిండి సంగతి అడగండి.

రెండవది తోబుట్టువుల పోలిక. ఒక పిల్ల రంగును మెచ్చుకోవడం పక్కనున్న పిల్ల రంగును తక్కువ చేయడమే అవుతుంది, మీరు ఆ రెండో మాట అనకపోయినా సరే. అక్క 'ఎర్రగా బుర్రగా' ఉంటుందని వచ్చినవారందరికీ చెబుతున్నంత కాలం చెల్లెలి ముందు మీరు ఎన్ని మంచి మాటలు చెప్పినా నిలవవు. మెచ్చుకోకూడదని కాదు, లెక్కలు బాగా చేసినందుకు, తాతగారికి మందులు వేళకు ఇచ్చినందుకు, ముగ్గు బాగా వేసినందుకు మెచ్చుకోండి.

మూడవది ఓదార్పు. 'నలుపైతేనేం, కళగా ఉంటుంది', 'నలుపు నారాయణుడు మెచ్చు' అనే మాటలు మంచి మనసుతో అంటాం. కానీ ఓదార్చవలసిన కొరత ఒకటి ఉందని ఆ మాటే ఒప్పుకుంటోంది, వినే పిల్లకు మొదట అందేది ఆ ఒప్పుకోలే. పిల్ల ఏడుస్తూ 'నేను నల్లగా ఉన్నానని అన్నారు' అని చెబితే వెంటనే 'నువ్వు నలుపేం కాదు' అని కొట్టిపారేయకండి. ఆమె కళ్లతో చూస్తున్నదాన్ని మీరు కాదంటే ఇక మీకు చెప్పడం మానేస్తుంది. 'ఎవరన్నారు? ఎక్కడన్నారు? నీకెలా అనిపించింది?' అని అడిగి, పూర్తిగా చెప్పనివ్వండి. ఆ తరువాత 'నీ రంగు నీది, తప్పు అన్నవాళ్లది' అని తేల్చి చెప్పండి.

రంగుకు ఇంత విలువ ఎలా వచ్చిందో కూడా ఈ సందర్భంలోనే దాచకుండా చెప్పడం మంచిది. వరిచేలో, చెరువు గట్టు మీద, కొబ్బరి తోటలో ఎండన పడి పనిచేసేవారి ఒళ్లు నల్లబడుతుంది. నీడపట్టున కూర్చుని పని చేయించుకోగలిగినవారి ఒళ్లు నల్లబడదు. కాబట్టి రంగును చూసి కులాన్నీ కలిమినీ అంచనా వేసే అలవాటు మన సమాజంలో పాతుకుపోయింది. రంగు మీద వెక్కిరింపు వెనుక శ్రమ చేసేవారి మీద చిన్నచూపు ఉందని పదిహేనేళ్ల పిల్లకు చక్కగా అర్థమవుతుంది. అది తెలిశాక ఆ వెక్కిరింపును సిగ్గుతో తలవంచుకుని కాక, అన్యాయమని గుర్తుపట్టి వింటుంది.

నాలుగవ పని: బంధువుల మధ్యకు వెళ్లే ముందు ఏర్పాటు చేసుకోండి

సంక్రాంతి మూడు రోజులు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, మాఘంలో అంతర్వేది కల్యాణం, మధ్యలో ఓణీల వేడుకలు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు. ఏడాదికోసారి చూసే బంధువులకు పిల్లలలో మొదట కనిపించేది ఒళ్లే, కాబట్టి నోటికి వచ్చేదీ ఆ మాటే. పండుగకు రానని మొరాయించే పిల్లల్లో కొందరి భయం ఇదే.

బయలుదేరే ముందు రోజు ఆ ఇంటి పెద్దావిడకు ఫోను చేయండి. అందరికీ చెప్పనక్కరలేదు, ఆవిడ మాట మిగతావారు వింటారు. 'పెద్దమ్మగారూ, పిల్ల ఈమధ్య ఒంటి గురించి ఎవరేమన్నా బాగా మనసులో పెట్టుకుంటోందండి. అక్కడ ఆ ప్రస్తావన రాకుండా మీరే చూడాలి' అని సాయం కోరండి. తప్పు పట్టినట్టు కాకుండా బాధ్యత అప్పగించినట్టు అడిగితే మన పెద్దలు కాదనరు.

అయినా ఎవరో ఒకరు అననే అంటారు. అప్పుడు జవాబు చెప్పవలసినది మీరు, పిల్ల కాదు. పెద్దవారికి ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్లను ఆ సమయంలో ఒంటరిగా వదిలేయడం న్యాయం కాదు. మర్యాద చెడకుండా ఆపే మాటలు రెండు మూడు సిద్ధంగా పెట్టుకోండి: 'అత్తయ్యగారూ, అది వింటుండగా ఆ మాట వద్దండి. ఈసారి బొమ్మల కొలువు మొత్తం అదే పేర్చింది, రండి చూద్దురుగాని.' 'బాబాయిగారూ, వాడి ఎత్తు సంగతి డాక్టరుగారు చూసుకుంటారు గానీ, మీ చెరువు సంగతి చెప్పండి.' నవ్వుతూనే అనండి, కానీ మాట మార్చేసి వదిలేయకండి. మొదటి వాక్యం తప్పక అనాలి, పిల్లకు వినబడేలా అనాలి. తన పక్షాన ఒకరు నిలబడ్డారని ఆమెకు తెలియడం అన్నవారు మారడం కన్నా ముఖ్యం.

పెళ్లి సంబంధాల విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒకటే. బయోడేటాలో రంగు రాయకండి. ఎత్తు, చదువు, ఉద్యోగం రాయండి, ఫోటో దిద్దకుండా పంపండి. అవతలివారు రంగు తక్కువనో లావనో వద్దనుకుంటే, మధ్యవర్తి తెచ్చిన ఆ కారణాన్ని అమ్మాయి వరకు మోయకండి. 'కుదరలేదమ్మా' అంటే చాలు. పెళ్లిచూపులకు ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు తగ్గాలని గడువు పెట్టడం ఆరోగ్యానికి ముప్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అటువంటి చోట ఆడపిల్ల అన్నంతోపాటు పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర కూడా మానేస్తే ఆమె ముఖంలో మొదట పోయేది కళే.

ఐదవ పని: ఫోటోను, ఫోనును దారిలో పెట్టండి

ఓణీల వేడుకకు వీధి మొగన కట్టే ఫ్లెక్సీ నుంచే మొదలుపెట్టండి. ఆ బొమ్మలో పిల్ల ముఖాన్ని రెండు మూడు ఛాయలు తెల్లగా చేసి అచ్చువేయడం చాలాచోట్ల అడగకుండానే జరిగిపోతోంది. పన్నెండేళ్ల పిల్ల తన సంబరానికి కట్టిన బొమ్మలో తనను తాను గుర్తుపట్టలేకపోతే, ఉన్న ముఖం నలుగురికీ చూపించదగినది కాదని ఆమెకు మనమే చెప్పినట్టవుతుంది. ఆర్డరు ఇచ్చేటప్పుడే 'ఉన్న రంగు ఉన్నట్టే ఉంచండి' అని స్టూడియోవారికి చెప్పి, అచ్చుకు ముందు నమూనాను వాట్సాప్‌లో తెప్పించుకుని చూడండి. పెళ్లి ఆల్బమ్ విషయంలోనూ అదే షరతు పెట్టండి. దిద్దిన ఫోటోల మీద ప్రభుత్వాలే కలగజేసుకున్న దేశాలున్నాయి: వ్యాపార ప్రకటనల్లో మోడళ్ల శరీరాన్ని దిద్దితే ఆ సంగతి రాయాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి, నార్వేలో 2022 నుంచి నిబంధన అమలులో ఉంది.

ఫోను విషయంలో ముందు పిల్లలతో కలిసి ఒక చిన్న పరీక్ష చేయండి. బ్యూటీ మోడ్ తీసేసి, ముఖానికి జానెడున్నర దూరంలో ఫోను పట్టుకుని ఒక ఫోటో, ఐదడుగుల దూరం నుంచి వేరొకరి చేత ఒక ఫోటో తీయించి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పన్నెండు అంగుళాల దూరం నుంచి తీస్తే ముక్కు అసలుకన్నా సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా పరిశోధకులు లెక్కగట్టారు. సెల్ఫీ చూసుకుని ముక్కు బాగోలేదని బాధపడే పిల్లకు ఈ పరీక్ష ఇచ్చే ధైర్యం ఉపన్యాసం ఇవ్వదు.

ఆ తరువాత సమయం. ఇన్‌స్టాగ్రామ్ సంస్థ సొంతంగా చేసుకున్న పరిశోధన 2021లో బయటపడింది. తమ ఒంటి గురించి దిగులుగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ చూస్తే ఆ దిగులు పెరుగుతోందని టీనేజి అమ్మాయిల్లో 32 శాతం మంది అందులో చెప్పారు. మరోవైపు, సోషల్ మీడియాను మూడు వారాల పాటు రోజుకు గంటకు పరిమితం చేసుకున్న యువతీ యువకులకు తమ రూపం మీద అభిప్రాయం మెరుగుపడిందని 2023లో ప్రచురితమైన కెనడా అధ్యయనం ఒకటి తెలిపింది. కాబట్టి ఫోను లాగేసుకోకండి. లాక్కుంటే అది రహస్యంగా సాగుతుంది. మూడు వారాలు రోజుకు గంట చొప్పున అని ఇంటిల్లిపాదీ కలిసి ఒప్పందం చేసుకోండి, మీ రీల్స్‌కు కూడా ఆ గంటే వర్తించాలి. ఏ ఖాతా చూశాక మనసు పాడవుతోందో పిల్లలనే గుర్తించి, వారి చేతులతోనే వాటిని తీసేయమనండి.

ఆరవ పని: క్రీముల డబ్బాలు తీసి చూడండి

దీని గురించి ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇక్కడ మనసుతోపాటు చర్మమూ మూత్రపిండాలూ పాడవుతాయి.

మన దేశంలో రంగు క్రీముల వ్యాపారానికి అర్ధశతాబ్దపు చరిత్ర ఉంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చుకుంది. నల్లగా ఉన్నవారికి పెళ్లి కాదనీ ఉద్యోగం రాదనీ అర్థం వచ్చేలా చూపించకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లోనే మార్గదర్శకాలు పెట్టింది. ప్రకటనల మాట అటుంచి, ఇప్పుడు మీ ఇంట్లో అద్దం దగ్గర, పిల్లల బ్యాగుల్లో ఉన్నవాటిని చూడండి.

బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ అనే పేర్లు ట్యూబు మీద ఉంటే అది స్టెరాయిడ్ మందు. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో కలిపిన మోమెటసోన్ క్రీము కూడా ఆ కోవలోదే. చర్మవ్యాధులకు వైద్యులు కొద్ది రోజులకు రాసే ఈ మందులను ముఖం తెల్లబడుతుందని నెలల తరబడి పూసుకుంటే చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన జాబితాలో చేర్చింది. మీ పిల్ల ఇప్పటికే నెలల నుంచి వాడుతున్నట్టయితే ట్యూబు లాగి పారేయకండి. ఒక్కసారిగా మానితే ముఖం ఎర్రబడి మండుతుంది, అది చూసి భయపడి పిల్ల మళ్లీ అదే మందు మొదలుపెడుతుంది. ట్యూబుతో సహా చర్మ వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లి, ఆయన చెప్పిన పద్ధతిలో మాన్పించండి.

రెండవ ప్రమాదం కొన్ని క్రీముల్లో కలిపే పాదరసం. పదార్థాల జాబితా, తయారీదారు చిరునామా లేని క్రీములు వాడినవారిలో మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదంతాలు 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో బయటపడ్డాయి. గల్ఫ్ నుంచి వచ్చే బంధువులు ప్రేమగా సంచిలో తెచ్చిపెట్టే డబ్బాలు మన ఇళ్లలోనూ ఉంటాయి. చిరునామా లేని డబ్బాను, అర్థం కాని భాషలో మాత్రమే రాసి ఉన్న డబ్బాను వాడనివ్వకండి. అటువంటిది వాడుతున్న పిల్లకు కాళ్లు, ముఖం ఉబ్బినా, మూత్రం నురగగా వస్తున్నా ఆలస్యం చేయకుండా మూత్ర పరీక్ష చేయించండి.

ఇక సున్నిపిండి, శనగపిండి, పసుపు చర్మానికి శుభ్రత ఇస్తాయి, రంగు మార్చవు. మోచేతికి పైన, ఎండ తగలని లోపలి వైపు ఉన్న రంగే ఎవరికైనా పుట్టు రంగు. ఎండ తగ్గితే ముఖం ఆ ఛాయ వరకు రావచ్చు, దానికి మించి తెల్లబరుస్తానని చెప్పే దేనినీ నమ్మవద్దు. మనలాంటి ఎండ ప్రాంతంలో ఒంటిని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతున్నది ఆ మెలనిన్ అనే వర్ణద్రవ్యమే.

ఏడవ పని: అబ్బాయిలను మరిచిపోకండి

అబ్బాయిల బాధ వేరే దారిలో నడుస్తుంది. 'గెడకర్ర', 'బండోడు', 'పొట్టోడు' అనే పిలుపులు చదువుకు మండల కేంద్రం దాకా వెంట వస్తాయి, అక్కడ జిమ్ము కనిపిస్తుంది. వ్యాయామం మంచిదే. పోలీసు ఉద్యోగాలకు, సైన్యానికి ఎత్తూ ఛాతీ కొలుస్తారు గనుక ఆ ఉద్యోగాల కోసం తయారయ్యేవాడు ఒళ్లు పెంచుకోవడంలో అర్థముంది. ఎంత కండ పెరిగినా చాలలేదని అద్దం ముందు కుంగిపోవడం మాత్రం ఒక రుగ్మత, 1997లో హారిసన్ పోప్ తదితర వైద్యులు దాన్ని వర్ణించారు.

ప్రొటీన్ డబ్బా కొనే ముందు లెక్క చూపించండి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సు ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది, అంటే అరవై కిలోల కుర్రవాడికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో పద్దెనిమిది, ఇరవై గ్రాములు ఉంటాయి. చేపల చెరువుల మధ్య పుట్టినవాడికి డబ్బాతో పని లేదు. కండ కోసం జిమ్ముల్లో చాటుగా చేతులు మారే ఇంజెక్షన్లు, మాత్రల విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. వాటిలోని అనబాలిక్ స్టెరాయిడ్లు వృషణాలను కుదించి, ఛాతీని ఉబ్బించి, కోపాన్ని పెంచుతాయి. ఎదిగే వయసులో వాడితే ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి ఎత్తు పెరగడం ఆగిపోతుంది. ఈ చివరి మాట చెబితే అబ్బాయిలు వింటారు.

ఎనిమిదవ పని: కాలేజీలో జరిగితే కాగితం మీద పెట్టండి

హాస్టల్లో రంగును బట్టి, ఒంటిని బట్టి పేరు పెట్టి పిలవడం, గుంపు నుంచి వెలివేయడం సరదా కాదు. రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచే ఉంది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ తన నిబంధనలను 2016లో సవరించి, రంగు, రూపం ఆధారంగా తోటి విద్యార్థిని శారీరకంగా గానీ మానసికంగా గానీ వేధించడాన్ని కూడా ర్యాగింగ్‌లో చేర్చింది. తేదీలు, మాటలు, సందేశాల స్క్రీన్‌షాట్లు దాచి, ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులు 1800-180-5522 నంబరుకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. అయితే పిల్లను అడగకుండా కాలేజీకి వెళ్లి గొడవ చేయకండి.

తొమ్మిదవ పని: వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలో తెలుసుకోండి

కొద్ది నెలల్లో బరువు బాగా తగ్గడం, నెలసరి ఆగిపోవడం, తరచూ కళ్లు తిరగడం, అందరితో కలిసి తినకుండా తప్పించుకోవడం, తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు ఉండటం, వేలి కణుపుల మీద గాట్లు కనిపించడం తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలకు గుర్తులు. ఇతరుల కంటికి ఆనని చిన్న మచ్చ గురించి రోజూ గంటల కొద్దీ అద్దం చూసుకోవడం, దాని కోసం కాలేజీ మానేయడం కూడా వైద్యం అవసరమైన స్థితే. ఇవేవీ మొండితనం కాదు, తిట్టితే పోవు. చచ్చిపోవాలని ఉందనే మాట వస్తే ఆ రోజే కదలండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

వెళ్లేటప్పుడు పిల్ల వాడుతున్న క్రీములు, మాత్రలు, పొడుల డబ్బాలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆఖరుసారి నెలసరి ఎప్పుడు వచ్చిందో, ఆరు నెలల కిందట బరువు ఎంతో రాసుకోండి. వైద్యుడితో కొంతసేపు పిల్లను ఒంటరిగా మాట్లాడనిచ్చి, లోపల ఏం చెప్పావని తిరుగు ప్రయాణంలో అడగకండి. చికిత్సకు నెలలు పడుతుంది. అన్నాళ్లూ బరువు చూసే యంత్రం ఇంట్లో ఉంచకండి. బరువు ఆసుపత్రిలోనే చూస్తారు. భోజనం దగ్గర ఎవరో ఒకరే పక్కన కూర్చుని, తిండి ప్రస్తావన తేకుండా తామూ తినాలి. బంధువులు అడిగితే 'డాక్టరుగారికి చూపిస్తున్నామండి' అన్నంత వరకే చెప్పండి. మిగతాది చెప్పాలో వద్దో పిల్ల ఇష్టం.